నూకరాజు మాత్రల్లో గౌరి వంతు

1981లో నేను ఫిషింగ్ హార్బర్‌కి దగ్గర్లో ఒక చిన్న డిస్పెన్సరీలో హెల్త్ విజిటర్‌ని. అంటే సూదులు వేసే పని తక్కువ, ఇళ్ల చుట్టూ తిరిగే పని ఎక్కువ. చీర కుచ్చిళ్లకి ఎప్పుడూ చేపల నీళ్ల వాసనే. మా డాక్టరుగారు అప్పుడే ఒక పద్ధతి మొదలుపెట్టారు. డిప్రెషన్, అంటే మనసు పూర్తిగా కుంగిపోయే జబ్బు ఉన్నవాళ్లని పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చి చేతులు దులుపుకోకుండా, మా దగ్గరే చూడడం. వారానికోసారి సైకియాట్రిస్ట్, మనసు జబ్బుల డాక్టరు, వచ్చేవారు. ఆ ఇద్దరూ నేనూ కూర్చుని ఒక్కో రోగి గురించి మాట్లాడుకునేవాళ్లం. పిచ్చాసుపత్రి పేరెత్తితే పరిగెత్తే జనం, మా దగ్గరికైతే కడుపునొప్పి అంటూ వచ్చేవారు.

నూకరాజు కూడా కడుపునొప్పి అనే వచ్చాడు. మరబోటుకి సరంగు, అంటే బోటు నడిపే పెద్ద. కొన్ని నెలల క్రితం అతని బోటు మీంచే తమ్ముడు ఎర్రయ్య సముద్రంలో పడిపోయాడు. నూకరాజు తమ్ముడి చెయ్యి అందుకున్నాడు గానీ పట్టు నిలవలేదు. శవం దొరకలేదు. అప్పట్నుంచి నూకరాజు బోటెక్కలేదు. గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు.

సైకియాట్రిస్ట్ చూసి ఇమిప్రమిన్ మాత్రలు రాశారు. అవి పని చెయ్యడానికి వారాలు పడుతుంది. ఇలాంటి రోగి ఇంట్లో మాత్రలు ఎక్కువ ఉంచకూడదు గనుక, వారానికి సరిపడా పొట్లం కట్టి అతని భార్య అప్పలకొండ చేతికి ఇవ్వడం నా పని. ఇచ్చాను. వారాలు గడిచాయి, మనిషిలో మార్పు లేదు. ఆసుపత్రిలో చేర్చి తలకి కరెంటు షాకు పెడదామని సైకియాట్రిస్ట్ అన్నారు. అది నిజానికి మంచి వైద్యమే. కానీ అక్కడికి వెళ్లొచ్చినవాడి చేతికి మళ్లీ ఎవరూ బోటు ఇవ్వరు. ఆ సంగతి నూకరాజుకీ తెలుసు, నాకూ తెలుసు.

ఒప్పించడానికని ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. పొయ్యి దగ్గర అప్పలకొండ తోటికోడలు గౌరి కూర్చుని ఉంది, ఎర్రయ్య భార్య. అప్పలకొండ ఆమె అరచేతిలో మాత్ర పెడుతోంది.

"అదెవరి మందు?" అన్నాను.

అప్పలకొండ ఏమాత్రం తడబడలేదు. "ఈయనదేనమ్మా. సగం ఈయనకి, సగం దీనికి. బోటు మీంచి ఏది దిగినా రెండొంతులే మాకు, అన్నకొకటి తమ్ముడికొకటి, మా మావ బతికున్నకాడ్నించీ. ఇదీ తిండి తిన్నేదు, పడుకున్నేదు. దీన్నొగ్గీసి ఈయనొక్కడికే ఎలాగిత్తాను?"

నాకు ఒళ్లు మండింది. చేపలు పంచినట్టు మందు పంచుతారా అని గట్టిగానే కేకలేశాను. సగం మందుతో ఇద్దరికీ నయం కాలేదన్నమాట. అప్పుడు గౌరిని సరిగ్గా చూశాను. నుదుట ఇంత బొట్టు, చేతినిండా గాజులు, ఆ చేతుల్లో మాత్రం కండ లేదు. శవం దొరకనివాడి భార్య చేత ఆ వీధిలో గాజులు తీయించరు.

"నువ్వూ రా గౌరీ, నీ పేరున మందు రాయిస్తాను," అన్నాను.

"నా పేర రాయకండమ్మా," అంది మెల్లగా. "మొగుడు పోయినాడని మందేసుకుంటే, పోయినాడని నాను ఒప్పుకున్నట్టేగదా. బావకి జబ్బు. బావ మందులో నా ఒంతు నాను తింటన్నాను. అంతే."

ఆ వారం ఈ మాట డాక్టర్లిద్దరికీ చెప్పాను. తర్వాత సైకియాట్రిస్ట్ తనే నాతో ఆ ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని గౌరిని పరీక్షించారు. కరెంటు మాట పక్కన పెట్టారు. ఇద్దరికీ పూర్తి మోతాదు, పొట్లం మాత్రం నూకరాజు పేరున ఒకటే. వంతులు వెయ్యడం అప్పలకొండ పని.

కొన్నాళ్లకి నూకరాజు లేచి కూర్చున్నాడు. వల బాగుచెయ్యడం మొదలుపెట్టాడు, అన్నం అడిగి తిన్నాడు. నెలలు గడిచాక డాక్టర్లు అతని మందు మెల్లగా తగ్గించి ఆపేశారు. గౌరికి ఇంకా కావాలి. మందు మానేశానని చెబితే మళ్లీ సరంగుని చేస్తానని బోటు ఓనరు కబురు పెట్టాడు. మాకందరికీ సంతోషమైంది. నూకరాజు మాత్రం డాక్టరుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నాకు తగ్గిందని ఎవరికీ సెప్పకండి బాబూ. నాను మానేత్తే ఒంతుండదు. గౌరీ మానేత్తాది."

డాక్టరుగారు అతనికి బలం మాత్రలు రాసి, గౌరి మందు అతని పేరునే ఉంచారు. జబ్బు లేని మనిషి వారం వారం మా లైన్లో నిలబడ్డాడు. వీధిలో వాళ్లు "పిచ్చిమందు బావా" అని పిలిచేవారు. ఓనరు బోటుని ఇంకొకడికి ఇచ్చేశాడు. నూకరాజు అదే బోటు మీద, వాడి కింద వల లాగే మనిషిగా ఎక్కాడు. ఓనరుతో నేను మాట్లాడతానన్నాను.

"ఒద్దమ్మా. ఓనరుకి సెప్తే వీధికి సెప్పినట్టే. సముద్రంలో తమ్ముడి సెయ్యి ఒగ్గీసినాను. గౌరినీ ఒగ్గీమంటారా?"

మరుసటేడు ఒక పొద్దున్న లైన్లో నూకరాజు లేడు. అతని చోట గౌరి ఉంది. ఒళ్లు కాస్త తేరుకుంది. మెడలో పుస్తెలు లేవు, చేతులకి గాజులు లేవు. బల్ల దగ్గరికొచ్చి, "నా పేర రాయండమ్మా. మా ఆయన ఇంక రాడు," అంది. అని, అక్కడే కూలబడి బావురుమంది. అన్ని నెలల్లో ఆమె ఏడవగా చూడడం నాకదే మొదలు.

మా కాగితాల్లో దాన్ని ఇంప్రూవ్‌మెంట్ అని రాయాలి. జబ్బు తగ్గిన మనిషి నవ్వుతూ వస్తుందని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఏడవగలగడం కూడా తగ్గడమేనని గౌరిని చూశాకే తెలిసింది. ఆ మాట రాశాను గానీ, ఆమె ఏడుపు ఆగేదాకా నాకు కలం కదల్లేదు.