మగ్గం ఆగితే

మాది ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇల్లు. నా చిన్నప్పుడు పోగు తెగితే మా నాయన మగ్గం ఆపి లేసి, ఆ కోపమంతా మా మీద తీర్చుకునేవాడు. చప్పుడు ఆగితే చాలు, నేను బియ్యం మూటల వెనక దూరేవాణ్ణి. నా బిడ్డను మాత్రం కొట్టకూడదనుకున్నాను. కొట్టలేదు కూడా.

ఈ పొద్దు నీళ్లు తాగుదామని మగ్గం ఆపి లేసినాను. చూస్తే ఆరేళ్ల మా పాప ఆ మూటల వెనకే నక్కి ఉంది.

"ఏమిటికి మ్మా ఈడ కూసున్నావు?"

"మగ్గం ఆగింది కదా నాయనా. అరుస్తావని."

చెయ్యి ఎత్తలేదు కాబట్టి నాయన పోలిక రాలేదని ఇన్నాళ్లూ మురిసిపోయినాను. నోటి సంగతి మర్సిపోయినాను. మళ్లా మగ్గం గుంతలోకి దిగబుద్ధి కాలేదు.

మీ ఇంట్లో పిల్లలు ఏ చప్పుడుకు దాక్కుంటారు? ఎప్పుడన్నా అడిగినారా?