కవరు మీద రూపాయి

నా పేరు శంకరనారాయణ. ఖరగ్‌పూర్ స్టేషన్ టికెట్ కౌంటర్లో ముప్పై మూడేళ్ళు కూర్చుని రిటైరయ్యాను. అన్నేళ్ళలో దేవుడి పేరు కన్నా "చిల్లర లేదు" అన్న మాటే ఎక్కువసార్లు పలికి ఉంటాను. కాబట్టి ఇక్కడి మలంచా పేటలో మా తెలుగు సంఘంవాళ్ళు "రూపాయి బిళ్ళ తయారీ ఆపేయాలా?" అని చర్చ పెట్టినప్పుడు, మాట్లాడ్డానికి నేను కాక ఇంకెవరున్నారనుకున్నాను.

ఆపేయాలని దంచేశాను. బ్యాటరీ రిక్షా తోలే టోటోవాడు తీసుకోడు, బిచ్చగాడు తీసుకోడు, దానికి టంకశాల ఎందుకన్నాను. అప్పుడు దేముడు లేచాడు. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు, ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే నాతో టీ తాగే మనిషి.

"మరి పెళ్ళి కవరు మీద ఒంటి రూపాయికి బదులు ఏటి పెడతాం పంతులుగారూ?" అనడిగాడు.

ప్రశ్న మంచిదే. జవాబు తోచలేదు. జవాబు తోచనప్పుడు నాకు వెటకారం తన్నుకొస్తుంది. "బోల్టులు బిగించుకునేవాడివి, నీకు దేశం లెక్కలెందుకయ్యా?" అన్నాను. హాలంతా నవ్వింది. నేను మహా గొప్పగా కూర్చున్నాను. మర్నాటి నుంచి దేముడు టీకి రాలేదు.

మూడు నెలలు ఒక్కణ్ణే తాగాను. తర్వాత అతని మనవరాలు సత్యవాణి పెళ్ళి శుభలేఖ వచ్చింది. తెచ్చింది దేముడు కాదు, అతని భార్య దాలమ్మ.

"ఎలాగోలా మాట కలుపుకుని రండి. మీ ఉపన్యాసాలన్నీ నేనొక్కర్తినే వినలేకపోతన్నాను" అంది మా ఆవిడ బాలాంబ.

పెళ్ళిరోజు పొద్దున్న కవరులో నోట్లు పెట్టాను. పైన పెట్టడానికి రూపాయి లేదు. ఉపన్యాసం వేడిలో ఇంట్లో ఉన్నవన్నీ గుడి హుండీలో పోసి వచ్చింది నేనే. ఏడు కొట్లు తిరిగాను. రూపాయి అంటించిన కవర్లు కూడా అయిపోయాయట. ఎక్కడికెళ్ళినా "ఖుచ్రో నేయ్ దాదా", చిల్లర లేదనే జవాబు. ఒకాయన రూపాయికి బదులు చాక్లెట్ చేతిలో పెట్టాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

ఒంటి రూపాయి లేని కవరు పెళ్ళికూతురి చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు. సిగ్గు చంపుకుని, పందిరి గుమ్మంలో నిలబడ్డ దేముడి దగ్గరికే వెళ్ళాను.

"దేముడూ, ఒక రూపాయుంటే ఇయ్యి."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. జేబులోంచి తీసి ఇచ్చాడు.

"రూపాయి ఉంటే ఏటి, పోతే ఏటి పంతులుగారూ. మీరా మాటన్నప్పుడు సత్యవాణి నా పక్కనే కూకుంది. ఆ బోల్టుల జీతంతోనే దాన్ని సదివించినాను" అన్నాడు.

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. వేదికెక్కి కవరు సత్యవాణి చేతిలో పెట్టాను. తను నా కాళ్ళకి దండం పెట్టబోయింది.

"వద్దమ్మా. ఆవేళ మీ తాతని అందరి ముందూ చులకన చేసినాను. తప్పయిపోయింది" అన్నాను. చదివింపుల మైకు పక్కనే ఉందని తెలిసే అన్నాను.

సత్యవాణి నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది.

"ఇంట్లో రూపాయిలన్నీ హుండీలో పోసేశారట కదా, మీకు రూపాయి దొరకదని తాతకి తెలుసండి. పొద్దుట్నుంచీ మీకోసమే ఒకటి జేబులో ఎట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు."

పెళ్ళి ఆల్బమ్‌లో వధూవరుల మధ్య ముక్కు చీదుకుంటూ ఏడుస్తున్న ముసలాణ్ణి నేనే.