బకెట్ నీళ్ల వాసన

మొయినాబాద్ దగ్గర ఒక గులాబీ తోటలో కోల్డ్ రూమ్ ఆగిపోయిందని ఫోన్ వస్తే మొన్న వెళ్లాను. చల్లబరిచే యంత్రాలు బాగుచేయడం నా ఉద్యోగం. తలుపు తీయగానే ముందు తగిలింది వాసన. అమ్ముడుపోని గులాబీలు చల్లదనం లేకుండా రెండు రోజులు బకెట్లలో ఉంటే కాడలు మెత్తబడతాయి, నీళ్లు జిగటగా మారతాయి, ఒక తియ్యటి కుళ్లు వాసన లేస్తుంది. పూల పరిమళం పూర్తిగా పోదు. కుళ్లు దానితో కలిసి ఉంటుంది. పనిముట్ల సంచి పక్కన పెట్టి, ఆ బకెట్లను ఒక్కొక్కటిగా బయటికి మోసి పారబోశాను. తోట మేస్త్రి నవ్వాడు. "అన్నా, మిషన్ చెయ్యనీకి వచ్చినవా, బకెట్లు కడగనీకి వచ్చినవా?" నేను బకెట్లు కడగడం మొదలుపెట్టాను. అతనికి జవాబు చెప్పాలంటే సుగుణమ్మ గురించి చెప్పాలి.

మా ఊరు మొయినాబాద్‌కూ చేవెళ్లకూ మధ్య ఉంటుంది. ఊరి చివర రేకుల షెడ్డు మా ప్రార్థన మందిరం. సుగుణమ్మ అక్కడ పాస్టరు కాదు, సంఘ పెద్ద కూడా కాదు. గులాబీ తోటలో పూలను కాడల పొడవు ప్రకారం వేరుచేసి కట్టలు కట్టే కూలీ. భర్త పోయాడు, కూతురు జ్యోతిని శంకర్‌పల్లి దగ్గరి ప్రొద్దుటూరులో ఇచ్చింది. కానీ సంఘంలో ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు ఆమె గడపే తొక్కేవారు, ప్రార్థన చేయమని. మాకు చుట్టం కాకపోయినా నేను పెద్దమ్మ అని పిలిచేవాణ్ని.

పాలిటెక్నిక్‌లో నాకు గణితం పోయినప్పుడు అమ్మ నన్ను ఆమె దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె ఒక పొడవాటి నోటుబుక్కు తీసింది. ఎడమ పేజీలో మనవి, కుడి పేజీలో జవాబు. "ఏం గావాలె ప్రవీణ్?" అంది. పాసైతే చాలన్నాను. "చాలు అంటే ఎన్ని?" ముప్పై అయిదన్నాను. "ముప్పై అయిదు అడిగినోనికి ముప్పై అయిదే వస్తయి. యాభై అని రాయి. రోజుకు ఎన్ని లెక్కలు చేస్తవో అది గూడ రాయి. నీకు బదులు దేవుడు వచ్చి పరీక్ష రాయడు." నేను రాశాను. యాభై ఒకటి వచ్చాయి. ఆమె కళ్లద్దాలు సర్దుకుని కుడి పేజీలో రాసింది: "యాభై ఒకటి. ఒకటి ఎక్కువనే ఇచ్చిండు."

ఆ తరువాత నా మనవులన్నీ అలాగే రాసుకున్నాను. పేరు, ఊరు, రోజు, కావలసింది. "దీవించు ప్రభువా అంటే ఆయనకేం సమజ్ అయితది? సరింగ అడిగితెనే సరింగ వచ్చిందో లేదో తెలుస్తది" అనేది. ఇప్పుడు యంత్రం చెడిపోయిన చోట నేను నింపే కాగితంలో కూడా అవే గడులుంటాయి. ఏ యంత్రం, ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏం చేస్తోంది. నా పై అధికారి నా కాగితాలను మెచ్చుకున్నప్పుడల్లా అవి ఎవరు నేర్పారో చెప్పాలనిపిస్తుంది. చెప్పను.

ఒక వర్షాకాలం మధ్యాహ్నం మా వీధిలో ఒక ఆడమనిషికి నొప్పులు మొదలయ్యాయి. ఆటోలు లేవు, అంబులెన్సు ఆలస్యమవుతుందన్నారు. సుగుణమ్మ రోడ్డు మీదికి వచ్చి, వానలోనే కళ్లు మూసుకుంది. "ప్రభువా, పది నిమిషాలల్ల ఒక బండి ఈ మూల మీద ఆగాలె. రంగు నీ ఇష్టం." నేను గడియారం చూసుకున్నాను. ఎనిమిదో నిమిషంలో టమాటా డబ్బాల వ్యాను ఒకటి వేగంగా వచ్చింది. ఆమె దానికి ఎదురుగా చేతులు చాపి నడిరోడ్డు మీద నిలబడింది. బ్రేకు కీచుమంది. డ్రైవర్ తల బయటపెట్టి, "సావనీకి నా బండే దొరికిందా ముసల్దానా!" అని అరిచాడు. "సావనీకి కాదు కొడకా, కాన్పుకు. డబ్బాలు జర ఎనుకకు జరుపు" అంది ఆమె. చేవెళ్ల దవాఖానలో ఆ సాయంత్రం ఆడపిల్ల పుట్టింది.

"నువ్వు అడ్డం నిలవడ్డవు కాబట్టి ఆగింది పెద్దమ్మా" అన్నాను తరువాత. ఆమె నవ్వింది. "బండిని పంపుడు ఆయన పని. అడ్డం నిలవడుడు మన పని. రెండిట్ల ఏది తక్కువైనా ఆ పిల్ల రోడ్డు మీదనే పుట్టేది." ఈ మాట అప్పుడు నాకు నచ్చింది. నాకు నచ్చిన మాటలన్నీ నాకు అర్థమైనవి కావని తెలియడానికి ఇంకా రెండేళ్లు పట్టింది.

తోటలో ఆమె ఎడమ అరికాలిలో గులాబీ ముల్లు దిగింది. ఆమెకు షుగర్ ఉంది. ముల్లు తీసినా పుండు పడింది. మొయినాబాద్‌లో ఒక డాక్టరు దగ్గర నాలుగుసార్లు కట్టు కట్టించుకుంది. పైపైన ఎండింది. మా సంఘంలో ఒక అలవాటు ఉంది. అడిగినది ఇంకా చేతికి రాకముందే, వచ్చిందని నమ్మి అందరి ముందు సాక్ష్యం చెప్పడం. నెల మొదటి ఆదివారం సాక్ష్యాలుంటాయి. మైకులూ రికార్డింగూ నేనే చూసేవాణ్ని. "పెద్దమ్మా, ఈసారి నీ కాలు గురించి చెప్పు. వీడియో తీస్త" అన్నాను.

"ఇంక జర పచ్చిగనే ఉన్నది బిడ్డా" అంది.

"నమ్మినంక దొరికినట్టే గద? ఈ మాట నువ్వే చెప్తవు."

ఆమె నా వైపు చూసి, చెప్పులు విడిచి, మైకు దగ్గరికి నడిచింది. దేవుడు తన కాలును పూర్తిగా బాగుచేశాడని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరు అయ్యగారు ఏడ్చారు. ఆ వీడియోను ఆ సాయంత్రమే పదకొండు గ్రూపుల్లో పెట్టాను. ఏయే గ్రూపులో నాకు ఇప్పటికీ వరుసగా గుర్తుంది.

వారంలోపే జనం రావడం మొదలైంది. చిల్కూరు నుంచి ఒకాయన తన తల్లి పుండు కోసం, శంకర్‌పల్లి నుంచి ఒకామె తగ్గని కడుపునొప్పి కోసం. సుగుణమ్మ అందరి తలల మీద చేతులు పెట్టి ప్రార్థించింది. ఇక మొయినాబాద్ డాక్టరు దగ్గరికి ఎలా వెళ్తుంది? ఆ బజారులో సగం మంది ఆ వీడియో చూసినవాళ్లే. దేవుడు బాగుచేసిన కాలుకు కట్టు ఎందుకని ఎవరైనా అడిగితే, అబద్ధమాడింది ఆమె అవుతుందా, దేవుడవుతాడా? ఇది నేను ఇప్పుడు ఊహిస్తున్నది కాదు. అప్పుడే నాకు తెలుసు. ఆమె మేజోళ్లు వేసుకోవడం గమనించాను. పాటలకు నిలబడకుండా గోడకు ఆనుకోవడం గమనించాను. ఎడమ చెప్పు మార్చి మగవాళ్ల వెడల్పాటి చెప్పు వేసుకోవడం కూడా. మూడూ గమనించి, మూడింటినీ కలపకుండా ఉంచుకున్నాను.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆంప్లిఫైయర్ గురగుర చేస్తుంటే విప్పి కూర్చున్నాను. సాయంత్రం ప్రార్థన కూటం మొదలయ్యేలోపు అది బాగవ్వాలి. మందిరంలో ఇద్దరమే ఉన్నాం. ఆమె చాపలు చుట్టి, నా పక్కన కుర్చీలో కూర్చుంది. వాసన వచ్చింది.

"ఏం వాసన పెద్దమ్మా?"

"తోటల బకెట్ నీళ్లు బిడ్డా. చీరకు అంటింది."

నేను తల ఊపి తీగ అతికించడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆమె, "ఇంకేమన్న అడుగుతవా?" అంది.

"ఏం లేదు" అన్నాను. అడిగితే నా అవిశ్వాసం బయటపడుతుంది. వీడియో తీసినవాడిని నేను. ఆమె ఇంకా చాలాసేపు అక్కడే కూర్చుంది. పని అయ్యేసరికి రెండు గంటలు పట్టింది. లేచేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, కుర్చీ పట్టుకుంటూ వెళ్లింది.

తరువాతి నెలలో ఆమె తోటలో పడిపోయింది. హైదరాబాద్ పెద్ద దవాఖానలో కాలు మోకాలి కింద తీసేశారు. విషం అప్పటికే ఒళ్లంతా పాకింది. నాలుగో రోజు పోయింది. సమాధి దగ్గర పాస్టరు అయ్యగారు ఆమె విశ్వాసం గురించి మాట్లాడారు. మైకు నేనే పట్టుకున్నాను.

నలభయ్యో రోజు జ్ఞాపక కూటమయ్యాక జ్యోతి నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. "అమ్మ రాసినయి నీకే సమజ్ అయితయి తమ్మీ." ఇంటికి వచ్చి చివరి పేజీ తీశాను. ఎడమ వైపు, నేను ఆంప్లిఫైయర్ విప్పి కూర్చున్న ఆ ఆదివారం తేదీ. కింద ఆమె గుండ్రటి అక్షరాలు: "ప్రవీణ్ నా కాలు చూసి, దవాఖానకు నడువు పెద్దమ్మా అనాలె. నా అంతట నేను పోలేను ప్రభువా. వాడు అంటే నీవు అన్నట్టే." పేరు ఉంది, ఊరు అక్కర్లేదు, రోజు ఉంది, కావలసింది ఉంది. కుడి పేజీ ఖాళీ.

దేవుడు జవాబివ్వలేదని అక్కడ రాయలేను. అలా రాయగలిగితే నాకు కొంత సుఖంగా ఉండేది. ఆయన ఆ వాసనను నా ముక్కు దాకా పంపాడు. నన్ను ఆమె పక్కనే కూర్చోబెట్టాడు. అడ్డం నిలబడవలసినవాణ్ని నేను. నేను ఇప్పటికీ ప్రార్థిస్తాను, ఆమె నేర్పినట్టే వివరంగా. ఎవరు సాక్ష్యం చెప్పినా వీడియో తీయను.

ఇక బకెట్ల సంగతి. ఎక్కడ ఆ వాసన వచ్చినా ముందు బకెట్లు పారబోస్తాను, కడుగుతాను, లోపలికి వెళ్లి మళ్లీ వాసన చూస్తాను. పోతే అది బకెట్లదే. పోకపోతే అక్కడ పనిచేసేవాళ్ల కాళ్ల వైపు చూస్తాను, ఎవరు తిట్టుకున్నా సరే. మొన్న వాసన పోయింది. ఈ పరీక్ష ఒక బకెట్‌కు రెండు నిమిషాలు. ఆ ఆదివారం నా దగ్గర రెండు గంటలున్నాయి, మందిరంలో ఒక్క బకెట్ కూడా లేదు.