గ్రేసీ వేసిన పెద్ద టైర్లు

తిరుపతి నుంచి రేణిగుంటకు వెళ్లే రోడ్డు మీద గ్రేసీకి టైర్ల షాపు ఉంది. ఆమె నాయన ఏబెల్ ఒకప్పుడు అదే చోట రేకుల కింద కూర్చుని పంక్చర్లు వేసేవాడు. ఇప్పుడక్కడ అలైన్‌మెంట్ మిషను, కార్లను పైకెత్తే లిఫ్టు ఉన్నాయి. ఏబెల్ మోకాళ్లు అరిగిపోయి కుర్చీకే పరిమితమైనా, షాపుకు రాకుండా మాత్రం ఉండలేడు.

సైజుల విషయంలో గ్రేసీ మొండిదని పేరు. కారు తలుపు తెరిచి, పక్కన అంటించిన స్టిక్కరు మీద కంపెనీ వాళ్లు ఏ సైజు రాశారో చూడనిదే టైరు మీద చెయ్యి వెయ్యదు. శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరినవాళ్లు అందం కోసం చక్రాలకు పెద్ద డిస్కులు వేయమని వస్తారు. "డిస్కు పెద్దదైతే రబ్బరు గోడ తగ్గల్ల. కలిపి చూస్తే మొత్తం ఎత్తు మారకూడదు. మారితే మీటరు అబద్ధం చెప్తాది, బ్రేకు లేటుగా పడతాది" అని ఓపిగ్గా చెప్పి పంపేస్తుంది.

చంద్రకాంతమ్మ విషయంలో మాత్రం ఆ మాట మీద నిలబడలేకపోయింది.

చంద్రకాంతమ్మకు పుత్తూరు దాటాక కొండ వాలులో మామిడితోట ఉంది. భర్త పోయాక తోట పనులన్నీ తనే చూసుకుంటోంది. నాలుగు చక్రాలూ కలిసి లాగే కారొకటి సెకండ్‌హ్యాండులో కొని, తనే నడుపుతుంది. షాపు గ్రేసీ చేతికి వచ్చిన కొత్తలో, వచ్చినవాళ్లంతా లోపలికి తొంగిచూసి "మగోళ్లు యాడికి పోయినారు?" అని అడిగేవారు. చంద్రకాంతమ్మ అలా అడగలేదు. తాళాలు గ్రేసీ చేతిలో పెట్టి, బజారు పని చూసుకుని వచ్చింది. తర్వాత తనకు తెలిసినవాళ్ల బండ్లన్నీ అక్కడికే పంపింది. గ్రేసీ ఆమెను సొంత అక్కలాగే చూసుకునేది.

మామిడి కోతలకు ముందు ఆమె వచ్చింది. "తోట దారిలో రాళ్లకు బండి కడుపు కొట్టుకుంటా ఉండాది పాపా. ఎత్తు టైర్లు ఏసెయ్" అంది.

గ్రేసీ స్టిక్కరు చూసింది. "కొంచెం పైకి పోతే పరవాలేదక్కా. నువ్వడిగే సైజు శానా ఎక్కువ. చక్రం తిప్పితే బాడీకి తగులుకుంటాది."

"మా పక్క తోటాయన ఏసుకోలేదా? నువ్వేస్తే నాకు ధైర్యం. వద్దంటే చిత్తూరులో ఏపించుకుంటా. ఎవురో ఒకరు ఏస్తారు."

వేరేవాళ్లు ఎలాగూ వేస్తారు, అదేదో తనే జాగ్రత్తగా వేస్తే మేలు కదా అనుకుంది గ్రేసీ. ఒక జాగ్రత్త నిజంగానే తీసుకుంది. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి తెప్పించింది. అలాంటి బండికి ఒక టైరు ఎత్తుగా, ఒకటి పొట్టిగా ఉంటే చక్రాలు తలా ఒక వేగంతో తిరిగి, ముందు వెనుకలను కలిపే గేర్లు వేడెక్కి పాడవుతాయి. ఆ సంగతి తలుచుకుని తృప్తిపడింది కూడా.

బిగించాక రోడ్డు మీదికి తీసుకెళ్లింది. మలుపులో స్పీడు బ్రేకరు ఎక్కేసరికి ముందు ఎడమ చక్రం దగ్గర గర్రుమని రాపిడి వినిపించింది. వెనక్కి తెచ్చి, చక్రం పైనున్న ప్లాస్టిక్ కవరు అంచు కొంచెం కోసేసింది. మళ్లీ ఒక్కతే ఎక్కి తిప్పి చూస్తే చప్పుడు లేదు.

"నలుగురు ఎక్కితే బండి కిందికి దిగతాది. అట్ల సూసినావా?" అని కుర్చీలోంచి ఏబెల్ అడిగాడు.

"సూస్తాలే నాయనా" అంది గ్రేసీ.

చూడలేదు. చంద్రకాంతమ్మ అప్పటికే బండి చుట్టూ తిరుగుతూ మురిసిపోతోంది. గ్రేసీ తాళాలు ఇచ్చేసింది. ప్లాస్టిక్ వెనక రేకు అంచు ఉందనీ, దాన్ని కోయడానికి లేదనీ, బరువు పడితే టైరు దానికి రాసుకోవచ్చనీ గ్రేసీకి తెలుసు. రాపిడి సంగతి ఒక్క ముక్క చెప్పలేదు.

కోతలు మొదలయ్యాక ఒక సాయంత్రం చంద్రకాంతమ్మ కూలీ ఆడవాళ్లను ఎక్కించుకుని, వెనక మామిడికాయల పెట్టెలు పెట్టుకుని తోటలోంచి దిగుతోంది. వాలు మలుపులో ముందు టైరు పేలింది. బండి జారి గుంటలోకి ఒరిగింది. తక్కినవాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. కిటికీ పక్కన కూర్చున్న నాగులమ్మ అనే కూలీకి కుడి చెయ్యి విరిగింది. ఆమెను ఎముకల వైద్యానికి పేరున్న పుత్తూరుకు తీసుకెళ్లి కట్టు కట్టించారు.

బండిని లాగించుకుని షాపుకు తెచ్చిన చంద్రకాంతమ్మ, "పాడు రాయి కోసేసింది పాపా" అంది.

గ్రేసీ టైరు విప్పింది. బయటి గోడకు గాయం లేదు. లోపలి వైపు అంచు చుట్టూ, ఆకురాయితో అరగదీసినట్టు గాడి పడి ఉంది. రాయి కోస్తే ఒకచోట కోస్తుంది. ఇలా చుట్టూతా కోయదు.

"రాయేనా?" అని చంద్రకాంతమ్మ మళ్లీ అడిగింది.

"అట్నే ఉండాదక్కా" అని చెప్పింది గ్రేసీ.

కంపెనీ సైజు టైర్లు వేసి పంపేసింది. పేలిన టైరును షాపు వెనక్కి దొర్లించి గోనెపట్ట కప్పింది. ఆదివారం చర్చిలో మోకరించి తప్పు ఒప్పుకుంది. దేవుడితో చెప్పడం సులభంగానే ఉంది. లేచి బయటికి వస్తుంటే, చెప్పాల్సింది ఆయనకు కాదని సిగ్గేసింది.

మరునాడు ఏబెల్ గోడ పట్టుకుంటూ షాపు వెనక్కి వెళ్లాడు. పట్ట తీసి, టైరు లోపలి అంచు మీద వేళ్లు పెట్టి చూశాడు. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తిట్టినా బాగుండేదని గ్రేసీకి అనిపించింది. మధ్యాహ్నం టైరు డిక్కీలో వేసుకుని పుత్తూరు దారి పట్టింది.

చంద్రకాంతమ్మ గాడిని చూసింది. గ్రేసీ చెప్పిందంతా విన్నది.

"ఏయమని పట్టుబట్టింది నేనే. కాదనను" అంది. "గర్రుమన్నాదని ఒక్క మాట చెప్పింటే ఆడోళ్లను ఎక్కించుకుని ఉండను గదా. టైరు విప్పినప్పుడు రాయా అని అడిగితే గూడా చెప్పకపోతివే."

గ్రేసీ టైరును మళ్లీ డిక్కీలోకి ఎక్కించింది.

అక్కణ్నించి నాగులమ్మ ఇంటికి వెళ్లింది. నాగులమ్మ ఎడమ చేత్తో బియ్యం కడుగుతోంది. గ్రేసీ అరుగు మీద కూర్చుని జరిగింది చెప్పింది. తానే కారణమంది.

నాగులమ్మ గిన్నె పక్కన పెట్టింది. "రాయి అనుకుంటా ఉన్నా ఇన్నాళ్లు. రాయి మీద కోపం ఏం పెట్టుకుంటాం? ఇప్పుడు నువ్వని తెలిసె. రాత్రి చెయ్యి నొప్పెత్తితే నీ మొగం గుర్తొస్తాది. నీకు బరువు దిగింటాది, నాకు ఎక్కె."

క్షమించమని అడుగుదామని వచ్చిన గ్రేసీకి ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. "కట్టు మార్చడానికి నేను తీసుకుపోతాలే" అని మాత్రం అనగలిగింది. నాగులమ్మ బియ్యం గిన్నె మళ్లీ దగ్గరికి లాక్కుంది.

ఆ తర్వాత కట్టు మార్చే ప్రతిసారీ గ్రేసీ కారు తెచ్చింది. నాగులమ్మ వెనక సీట్లో కూర్చునేది. షాపులో గ్రేసీ ఇప్పుడు సైజు మార్చిన ఏ బండినీ మనుషుల్ని ఎక్కించి, స్టీరింగు చివరిదాకా తిప్పించి చూడనిదే పంపదు. సైజు మరీ ఎక్కువైతే వేయనే వేయదు. చంద్రకాంతమ్మ ఇప్పటికీ వస్తుంది. తాళాలు ఇచ్చి బజారుకు వెళ్లదు. పక్కనే నిలబడి చూస్తుంది.

నాగులమ్మ ఎముక అతుక్కుంది గానీ కొంచెం వంకరగా. దోటి కర్ర ఎత్తి కాయలు కోయలేకపోతోంది. షెడ్డులో కాయలు ఏరే పనికి వెళుతోంది. ఆఖరి కట్టు విప్పిన రోజు, తిరిగి వస్తుంటే ఆమే మాట కదిపింది.

"మా పాప స్కూటీకి టైర్లు అరిగిపోయినాయి. నీ కాడికి పంపిద్దామంటే మనసు రాలే. వేరే షాపులో ఏపిచ్చినాం."

"మంచిపనే చేసినావక్కా" అంది గ్రేసీ. కాస్త దూరం పోయాక, "గాలి ఎంత పెట్టించల్లో చెప్తా. అది మాత్రం పాపకు చెప్పు" అంది.

నాగులమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "చెప్పు" అంది.

గ్రేసీ చెప్పింది. నాగులమ్మ మరిచిపోకుండా మళ్లీ ఒకసారి చెప్పించుకుంది.