పేరు తీసే ముందు

ఐసు ప్లాంటు పక్కనుంచి వెళితే చాలు, అమ్మోనియా ఘాటుకు ఇప్పటికీ నా కళ్ళు చెమరుస్తాయి. ఘాటు వల్లేనని పక్కవాళ్ళకు చెబుతాను. శ్రీకాకుళం శివార్లలో అలాంటి ప్లాంటు పై అంతస్తులోనే ఒకప్పుడు మా ఆఫీసు ఉండేది. రొయ్యలు, చేపలు ఎగుమతి చేసే కంపెనీ. అక్కడ కంప్యూటర్ల విభాగానికి పెద్ద నూకరత్నం గారు, రేవులో చేపలమ్మిన తల్లి కూతురు. నేను పాతపట్నం నుంచి డిగ్రీ పట్టా, దాంతోపాటు బోలెడు గర్వం పట్టుకొచ్చి ఆవిడ కింద చేరాను. పట్టా ఇంకా ఉంది. గర్వాన్ని ఆవిడ త్వరలోనే దించేసింది.

స్మార్టు ఫోన్లు అప్పుడప్పుడే రేవుల్లోకి వస్తున్న రోజులవి. ఆఫీసుకీ, రేవుల్లో చేపలు దించుకునే మా కేంద్రాలకీ మధ్య మెయిళ్ళు, మెసేజీలు, వాతావరణ హెచ్చరికలు అన్నీ ఒకే సాఫ్ట్‌వేరులో నడిచేవి. అది పాతబడింది, కొత్త వెర్షన్‌కు మార్చాలన్నారు. ఆఫీసు ఖాళీగా ఉంటుంది కాబట్టి దసరా సెలవుల్లో మారుద్దామని హైదరాబాదు నుంచి వచ్చిన బృందం అంది.

"ఆఫీసు కాళీ అయితే సముద్రం కాళీ అయిపోతాదేటి?" అంది ఆవిడ. "ఏసవిలో సేపల వేట నిషేధం పెడతారు కదా, అప్పుడు మార్సండి. పడవలన్నీ ఒడ్డుమీదుంటాయి. మెసేజీ ఓ పూట ఆగినా ఎవులి కొంపా మునగదు."

ఎందుకంత పట్టుబట్టిందో నాకు తెలుసు. ఆవిడ తమ్ముడు సింహాచలం మా రేవు కేంద్రంలోనే పనిచేసేవాడు. ఒకసారి తుఫాను హెచ్చరిక ఆలస్యంగా అందితే, వేటకెళ్ళినవాళ్ళను వెనక్కి పిలవడానికి పడవేసుకుని వెళ్ళాడు. పడవ కూడా దొరకలేదు.

ఆవిడ మాటే నెగ్గింది. పనిలో అసలు బరువు పేర్ల దగ్గర తెలిసింది. చాలాకాలంగా వాడని పేర్లు కొత్తదానిలోకి రాకూడదన్నారు. ఉద్యోగం మానేసినవాళ్ళు, పోయినవాళ్ళు అన్నమాట. నేను ఒక్క క్లిక్కుతో అన్నీ తీసెయ్యబోతుంటే ఆవిడ ఆపింది.

"ఒరే, అడక్కుండా ఎవులి పేరూ తియ్యకు. ఇంటికి ఫోన్ సెయ్యి. ఆ మెసేజీల్లో ఆళ్ళకి కావలసిన ఫొటోలేవైనా ఉంటే ఇచ్చీసి, అప్పుడు తీసీ."

"ఇలాగైతే ఎప్పటికవుతుంది మేడం?"

"ఇల్లలకగానే పండగేటి? సెయ్యి."

చేశాను. మానేసిన డ్రైవరు ఒకాయన మళ్ళీ ఉద్యోగం ఇస్తున్నామనుకుని సంబరపడ్డాడు. పోయిన మేస్త్రీ భార్య, ఆయన పేరు ఇంకా ఉందా అని అడిగి, చాలాసేపు ఆయన గురించే మాట్లాడింది. చివరికి సింహాచలం మిగిలాడు. పేరు పక్కన అతను పెట్టుకున్న మాట అలాగే ఉంది, 'ఇప్పుడే వస్తన్నాను' అని.

ఇదొక్కటీ ఉంచేద్దామన్నాను. ఆవిడ తల్లికి ఫోన్ చేసింది. ఒక్కతే వినలేననుకుందేమో, స్పీకరు పెట్టింది.

"అమ్మా, సిన్నోడి పేరు తీసీమంటన్నారు."

"తీసీయే. ఉంచితే ఆడొస్తాడేటి?" అంది తల్లి.

ఆవిడే తీసింది. తర్వాత టీ తెప్పించుకుని, తాగకుండా చల్లార్చేసింది.

మళ్ళీ వేట మొదలైన ఉదయం, కొత్త సాఫ్ట్‌వేరులో తొలి వాతావరణ కబురు ఆవిడే పంపింది. రేవులన్నిటి నుంచీ 'అందింది' అని వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు.

కొన్నేళ్ళకు ఆవిడకు కేన్సరు వచ్చింది. విశాఖ ఆసుపత్రి మంచం మీంచి కూడా "హెచ్చరికలు సూస్తన్నావా?" అని అడిగేది. ఆ వానాకాలం దాటలేదు. కబురు తెలిసినరోజు ఆఫీసు మెట్లమీద కూర్చుని ఏడ్చాను. ఘాటు వల్లని ఆ రోజు ఎవరికీ చెప్పలేదు.

మరుసటి వేట నిషేధంలో మళ్ళీ కొత్త వెర్షన్. పేర్లు తీసే పని నాది. ఆవిడ పేరు వచ్చింది. ఆ ఇంట్లో మిగిలింది తల్లి ఒక్కతే. ఫోను చేతిలో పట్టుకుని కూర్చుండిపోయాను. ఇంకో బిడ్డ పేరు కూడా తీసెయ్యమంటారా అని ఆ తల్లిని అడగడానికి నోరెలా వస్తుంది? అడక్కుండా తీస్తే ఆవిడ దగ్గర నేనేం నేర్చుకున్నట్టు?

చేశాను. నా మాట పూర్తికాకముందే ఆమెకు అర్థమైపోయింది.

"అది నేర్పిన పనే సేస్తన్నావు. తీసీ బాబూ," అంది. నేను ఫోను పెట్టబోతుంటే, "మరింక ఈ ఫోనుకి ఎవులు సేస్తారు?" అంది.

అప్పటినుంచీ ఆదివారాలు నేను చేస్తున్నాను. ఆ ఇంట్లో తీయడానికి ఇంక పేర్లేమీ లేవు. ఎత్తగానే "తిన్నావేటి?" అని అడుగుతుంది. తినకపోయినా తిన్నానంటాను.