బాయిలర్ పైపులకు తడిగోనెలు

తిరుమలగిరి దాటగానే ఉన్న ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ కాసే జానయ్యకు నమ్మకమనేది పుట్టుకతోనే తక్కువ. గొర్లు కాసిన రోజుల్లో మబ్బును చూసి కూడా ఇది ఎవరి చేను మీద కురవడానికి పోతోందోనని అనుమానపడేవాడట. చాయ్ ఇస్తే ముందు వాసన చూస్తాడు, తరువాత ఇచ్చిన మనిషిని చూస్తాడు. "నన్ను చేసుకున్న కొత్తల, నేను ముందుగాల తింటెనే బువ్వ ముట్టెటోడు" అని భార్య ఈదమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

అలాంటివాడితో మిల్లు సేటు నాగేందర్ ఓ సాయంత్రం, "రేపు పట్నం నుంచి ఒక మేడం వస్తది. మిల్లుల యాడ వృథా అయితాందో చూస్తది" అన్నాడు.

వృథా అన్న మాట జానయ్య చెవిలో ముల్లులా దిగింది. బాయిలర్ దగ్గర ఉన్నది ఇద్దరు. పగలు తను, రాత్రి రఘుపతి. వారిలో ఒకడు వృథా అని తేలుస్తారన్నమాట. రఘుపతి సేటు సొంతూరివాడు. ఇక తేల్చేదేముంది?

పొద్దున డ్యూటీ మారేటప్పుడు రఘుపతే చెప్పాడు. "గామె తాన కెమెరా ఉన్నదట. వేడి యాడ పోతే ఆడ ఎర్రగ కనవడ్తదట."

"నీకెట్ల ఎరుక?"

"సేటు చెప్పిండు."

నాకు చెప్పనిది వీడికెందుకు చెప్పినట్టు, అనుకున్నాడు జానయ్య. ఎరుపు కనబడితే తప్పు బాయిలర్ కాసేవాడిది. కనబడకుంటే పీకేయడానికి సాకు లేదు. ఎండాకాలం మట్టి రంజన్‌లో నీళ్లు చల్లబడాలంటే దానికి తడిగోనె చుడతాం కదా. ఖాళీ గోనె సంచులు తొట్టిలో ముంచి, బాయిలర్ నుంచి వడ్లు ఉడికే డ్రమ్ముల దాకా పోయే ఆవిరి పైపుకు పొడుగునా చుట్టేశాడు. ఆరేలోపు మళ్లీ బొక్కెనతో నీళ్లు పోశాడు.

గోనెలు పొగలు కక్కాయి. ఆవిరి ఒత్తిడి చూపే గేజు ముల్లు కిందికి జారింది. జానయ్య పొయ్యిలోకి ఊక మీద ఊక ఎత్తిపోశాడు. ఎంత పోసినా ముల్లు లేవలేదు. సుహాసిని అనే ఆ మేడం వచ్చేసరికి షెడ్డంతా ఆవిరి కమ్మి పెళ్లివంటల పందిరిలా ఉంది. అందులో జానయ్య నడుము దాకానే కనబడుతున్నాడు.

ఆమె కెమెరా అద్దం తుడుచుకుంటుండగానే సేటు గుప్పెడు వడ్లతో వచ్చాడు. ఒక గింజ కొరికి చూపించాడు. లోపల తెల్లగా, పచ్చిగా ఉంది.

"డ్రమ్మంత గిట్లనే ఉన్నది. పైపులకు చీరెలు కట్టిందెవలు?"

జానయ్య సాకు లేకుండా చేయబోయి అసలు కారణమే చేతికిచ్చాడు. ఇంటికి పోకుండా అక్కడే తచ్చాడుతున్న రఘుపతి ముందుకొచ్చాడు. చెప్పేస్తాడు, ఇందుకే ఆగాడు, అనుకున్నాడు జానయ్య.

"ఇద్దరం కల్సి కట్టినం సేటు" అన్నాడు రఘుపతి.

సుహాసిని నవ్వు ఆపుకుంది. "నేను పుట్టింది పాలమూర్లనే కాకా, మా ఇంట్ల గుడ రంజన్‌కు తడిగోనెనే. అది వేడిని బయటికి గుంజుతది, గందుకే నీళ్లు సల్లవడ్తయి. పైపుల వేడిని గుడ గట్లనే గుంజింది. ఇంతకు ఎందుకు కట్టిన్రు?"

"మా ఇద్దర్ల ఒకన్ని తీసేస్తరని" అన్నాడు జానయ్య, ఊక కుప్పను చూస్తూ.

"నేను చూసేది పైపులను, మనుషులను కాదు. వాటికి పొడి పీచు చుట్టి పైన రేకు కప్పితే ఊక తక్కువ కాలుతది. బాయిలర్ మండినంతసేపు మాత్రం పక్కన మనిషి ఉండాల్సిందే. పగటికొకరు, రాత్రికొకరు."

"తీసేస్తనని నేనెప్పుడన్న అన్ననా?" అన్నాడు సేటు. "ముందుగాల గా గోనెలు ఇప్పున్రి. వడ్లు మల్ల ఉడకాలె."

ఇద్దరూ వేడి గోనెలు విప్పుతుంటే జానయ్య ఉండబట్టలేక అడిగాడు. "నువ్వెందుకు మీదేసుకున్నవు?"

"నువ్వు పోతే నీ జాగల కొత్తోడొస్తడు. వాడు సేటు తాన నా మీద చాడీలు చెప్పేటోడైతే?"

జానయ్య ఆ మాటను వెంటనే నమ్మాడు. తనైనా అదే అనుకునేవాడు మరి.