బుకిట్ తీమాలో రింగు మార్పిడి

ఆదివారం ఉదయం 6.50కి క్లెమెంటీ రోడ్డు మీద 151 బస్సు ఎక్కాను. నాన్న పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆయన అనంతపురం జిల్లా ఎండు నేలలో, మీటర్ గేజ్ నాటి ఒక జంక్షన్‌లో పాయింట్స్‌మన్. ఆగకుండా పోయే రైలు డ్రైవరుకు పెద్ద తీగ రింగులో పెట్టిన టోకెన్ అందించేవారు. అది చేతికి వస్తేనే డ్రైవరు ముందున్న ఒంటి లైనులోకి వెళ్ళాలి. ఎదురు రైలు రాదని అదే హామీ. రింగు తగులుతుందని పిల్లల్ని ప్లాట్‌ఫారం మీదికి రానిచ్చేవారు కాదు. బ్రాడ్ గేజ్ వచ్చాక ఆ స్టేషన్ మూతపడింది. ఆయన పని నేను ఒక్కసారీ చూడలేదు.

నేను ఉద్యోగం చేసే ఈ పరాయి దేశంలో, బుకిట్ తీమా స్టేషన్‌లో ఆ పద్ధతి ఇంకా ఉందని ఆఫీసులో విన్నాను. వచ్చే గురువారంతో ఆ లైను మూసేస్తారు. గత ఆదివారం నేను చేరేసరికి రైలు వెళ్ళిపోయింది. గురువారం దాకా ఆఫీసులో సెలవు దొరకదు. ఇక మిగిలింది ఈ ఉదయమే.

సైన్స్ పార్క్‌లో నాతో పనిచేసే కరీంనగర్ సుధాకర్ తోడు వచ్చాడు.

"ఆదివారం పొద్దుగాల పండుకోకుండ ఇదేందక్కా? యూట్యూబుల సూస్తె అయిపాయె గదా!"

"దిగిపోయి పండుకో పో. నేనైతే చూసే ఇంటికొచ్చేది."

అతను దిగలేదు.

కింగ్ ఆల్బర్ట్ పార్క్ స్టాపులో దిగి, ఇనుప వంతెన దాటి కాస్త నడిస్తే స్టేషన్. కెమెరాలతో జనం నిండి ఉన్నారు. తోసుకుని ముందుకు వెళ్ళాను.

"ఆంటీ, స్టాండ్ బ్యాక్ లా! రింగ్ హిట్ యూ, హౌ?" అని, రింగు తగిలితే ఏం చేస్తావన్నట్టు ఒక చైనీస్ అమ్మాయి అరిచింది. ఒక్క అడుగు వెనక్కి వేశాను. చోటు మాత్రం వదల్లేదు.

ఎనిమిది దాటాక రైలు వచ్చింది. స్టేషన్ ఉద్యోగి రింగు ఎత్తి పట్టుకున్నాడు. ఇంజను లోంచి ఒకతను వంగి, తన రింగు ఇతని చేతికి తొడిగి, ఇతనిది లాక్కున్నాడు. రైలు ఆగలేదు. ఉద్యోగి మోచేతి పైన ఒకసారి రుద్దుకుని లోపలికి వెళ్ళాడు.

రిటైరయ్యాక కూడా నాన్న పేపరు చదువుతూ సరిగ్గా అక్కడే రుద్దుకునేవారు. అలవాటనుకున్నాను.

తిరుగు బస్సులో సుధాకర్ ఫోను చూసుకున్నాడు. "గింతేనా అక్కా? ఫోటో గూడ రాలే."

"ఇంతే. మా నాయన ఉద్యోగమంతా ఇదే చేసినాడు."

అతను ఫోను జేబులో పెట్టేశాడు.

లైను మూసి ఏళ్ళు గడిచినా స్టేషన్ భవనం, వంతెన ఇప్పటికీ ఉన్నాయి. పట్టాలు చాలావరకు తీసేసి నడకదారి వేశారు. చూడదలచినవారు ఎండ ఎక్కకముందే వెళ్ళడం మంచిది. అక్కడ ఇప్పుడు ఎవరూ రైలుకు రింగు అందించరు.